ఇంటి పంట నిల్వ – 4వ పాఠం: ఉల్లిగడ్డ చల్లగదిలోకి వద్దు

ఈసారి గుమ్మడికాయ, గెనుసుగడ్డల గురించి రాద్దామనుకున్నాను, కానీ పోయిన పాఠం చూసి ఇటుకల చల్లగది కట్టుకున్నవాళ్లు చాలామంది టమాటలు బాగున్నాయి, ఉల్లిగడ్డలు మాత్రం వేర్లొచ్చి కుళ్లాయని రాశారు. ముందు అది తేల్చుకుందాం.

ఆ గదిని ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ 1980ల్లో తయారుచేసింది. రెండు ఇటుక గోడల మధ్య 7.5 సెంటీమీటర్ల సందులో పోసిన ఇసుక తడి ఆవిరైపోతూ లోపలి వేడిని లాగేస్తుంది, ఎండాకాలం మన పాలమూరు, నల్లగొండ వైపు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఇంకా బాగా పనిచేస్తుంది. అయితే లోపల తేమ 90 శాతం దాకా పోతుంది. పాలకూర, టమాట, నిమ్మకాయ, బత్తాయి వాడిపోకుండా ఉండేది దానివల్లే. ఉల్లిగడ్డకు, ఎల్లిగడ్డకు అంత తేమ తగిలితే బూజు పడుతుంది, వేరు లేస్తుంది. చల్లగా ఉంటే ఏదైనా ఆగుతుందన్న నమ్మకం దయచేసి వదిలేయండి. ఉల్లిగడ్డ 25–30 డిగ్రీల వేడిలో కూడా నెలల తరబడి ఉంటుంది, దానికి కావాల్సింది 65–70 శాతం తేమ, ఆడే గాలి.

అసలు పని పెరికిన రోజే మొదలవుతుంది. తవ్వడానికి 10–15 రోజుల ముందే నీళ్లు ఆపాలి. పెరికాక ఆకు కోయకుండా, ఒక వరుస ఆకు పక్క వరుస గడ్డల మీద పడేట్టు పరిచి 3–5 రోజులు పొలంలోనే ఉంచాలి. తర్వాత రెండు సెంటీమీటర్లైనా వదలకుండా మొదలుకంటా ఆకు కోసేస్తారు చూడండి, నాకు అక్కడే కోపమొస్తుంది. ఆ కోసిన మెడలోంచే కుళ్లు లోపలికి దిగుతుంది. కనీసం 2 సెంటీమీటర్ల మెడ ఉంచి కోసి, నీడలో ఇంకో 10–12 రోజులు ఆరబెట్టండి. మెడను వేళ్లతో నలిపితే తడి తగలకూడదు. దేవరకద్ర మార్కెట్లో బస్తా కొన్నా ఇదే పరీక్ష. మెడ లావుగా ఉన్నవి, పూకాడ వచ్చినవి, జంటగడ్డలు ముందు వండేసుకోండి. వానాకాలం గడ్డను దాచే ఆశ పెట్టుకోకండి, నిలిచేది యాసంగిదే.

నేనైతే కొట్టంలో నేలకు అడుగున్నర ఎత్తున వెదురు తడక వేసి పలుచగా పరుస్తాను. గోనెసంచి కూడా నాకు ఇష్టం లేదు. ఆలుగడ్డలను వీటితో కలపకుండా వేరేచోట పెట్టండి.

అభ్యాసం: ఒకే పొలం గడ్డలు ఇరవై తీసుకొని పది చల్లగదిలో, పది తడక మీద పెట్టండి. వారానికోసారి రెండింటినీ తూకం వేసి, మొలకలు, మెత్తబడ్డవి విడిగా లెక్కపెట్టి ఎనిమిది వారాలు రాసుకోండి. కుళ్లింది కనిపిస్తే ఆ రోజే తీసేయండి, దాని బరువు మాత్రం రాయడం మరవద్దు.