తిరుపతి వానల్లో ఎంటెరిక్ కోటింగ్ చేయాలంటే

మన తిరుపతి చుట్టుపక్కల ఫార్మసీ కాలేజీల్లో ప్రాజెక్టుకి పాంటోప్రజోలో డైక్లోఫినాకో పట్టుకుని ఎంటెరిక్ కోటింగ్ (కడుపులోని యాసిడ్‌లో కరక్కుండా పేగుల్లో కరిగే పూత) పెట్టుకునేవాళ్లు చానామంది, సరిగ్గా కోటింగ్ దాకా వచ్చేసరికి నవంబర్ వానలు పట్టుకుంటాయి, ల్యాబ్‌లో గాలంతా తేమ, టాబ్లెట్లు ఒకదానికొకటి అతుక్కుంటా ఉంటాయి. పాలిమర్‌ని (పూత పదార్థాన్ని) తిట్టుకుంటారు గానీ చాలాసార్లు పాపం దాని తప్పేం ఉండదు.

ముందు కోర్ టాబ్లెట్ (పూత వేయకముందు టాబ్లెట్) చూడండి. ఫ్రయబిలిటీ (దొర్లిస్తే పొడిగా రాలిపోయే బరువు) 1 శాతం దాకా పర్లేదంటారు, కానీ పాన్‌లో (తిరిగే కోటింగ్ డ్రమ్ములో) గంటకి పైగానే దొర్లాలి కాబట్టి 0.5 లోపు ఉంటేనే మేలు. టాబ్లెట్ కొట్టడానికి ఫ్లాట్ పంచ్ వద్దు, బైకాన్వెక్స్ (రెండు వైపులా ఉబ్బెత్తుగా వచ్చేది) తీసుకోండి. అంచు చెదిరితే ఫిల్మ్ అక్కడే పల్చగా పడి యాసిడ్ అక్కణ్ణుంచే దూరతాది.

పాంటోప్రజోల్ అయితే హెచ్‌పీఎంసీ అనే నీళ్లలో కరిగే పాలిమర్‌తో 2-3 శాతం సబ్ కోట్ (అడుగు పూత) వేయాల్సిందే, ఎందుకంటే ఎంటెరిక్ పాలిమర్‌కే ఆమ్ల గుణం ఉంటుంది, నేరుగా తగిలితే డ్రగ్ రంగు మారిపోతుంది.

ఇప్పుడు లెక్క. సబ్ కోట్ వేసినవి 500 గ్రాములు, ఎంటెరిక్ పూతతో 8 శాతం వెయిట్ గెయిన్ (బరువు పెరగడం) అంటే 40 గ్రాముల సాలిడ్స్ (ఆరాక మిగిలే పదార్థం). యూడ్రజిట్ ఎల్ 30 డి-55 (పీహెచ్ 5.5 దాటితే కరిగేది, ఎంటెరిక్ పాలిమర్ నీళ్లలో 30 శాతం ఉండే డిస్పర్షన్) 83.3 గ్రాములు, ట్రైఇథైల్ సిట్రేట్ (పూతని మెత్తగా ఉంచేది) 2.5, టాల్క్ (అతుక్కోకుండా చూసేది) 12.5, నీళ్లు 101.7, మొత్తం 200 గ్రాములు. పైపుల్లో, పాన్ గోడలకి పోయేదానికి ఇంకో 15 శాతం ఎక్కువే కలుపుకోండి. టాల్క్, సిట్రేట్ రెండూ నీళ్లలో బాగా హోమోజినైజ్ చేశాక దాన్ని డిస్పర్షన్‌లోకి పోసి నిదానంగా తిప్పాలి, హోమోజినైజర్ నేరుగా డిస్పర్షన్‌లో పెడితే నురగొచ్చి గడ్డ కడుతుంది. టాల్క్ లేదని మెగ్నీషియం స్టియరేట్ మాత్రం వేయకండి, మొత్తం విరిగిపోతుంది. స్ప్రే చేసినంతసేపూ స్టిర్రర్ తిరగతానే ఉండాలి, లేకుంటే టాల్క్ అడుక్కి దిగి నాజిల్ మూసుకుంటుంది.

అసలు కష్టం పాన్ దగ్గర. బ్లోయర్ డయల్ ఎంత చూపించినా నమ్మొద్దు, టాబ్లెట్ బెడ్ 28 నుంచి 32 డిగ్రీల మధ్య ఉందా లేదా అదే చూడాలి. ఇన్‌ఫ్రారెడ్ గన్ వాడండి, జ్వరం చూసే గన్ వద్దు, చాలావాటిలో 32 కింద ‘లో’ అనే వస్తుంది. నిమిషానికి 2-3 గ్రాములతో మొదలుపెట్టి, మధ్యమధ్యలో పాన్ ఆపి గ్లోవ్స్ చేత్తో గుప్పెడు తీసి వదలండి. గలగలా రాలితే సరే, వేళ్లకి అంటుకుంటే స్ప్రే ఆపి ఉత్త గాలి పెట్టండి. వాన రోజు గాలికి ఆరబెట్టే శక్తి తక్కువ కాబట్టి వేడి పెంచడం కన్నా స్ప్రే తగ్గించడం మంచిది, వేడి మరీ ఎక్కితే పాలిమర్ మెత్తబడి ఇంకా జిగురవుతుంది. పైన నారింజ తొక్కలా గరుకొస్తే మాత్రం ఉల్టా, చుక్క టాబ్లెట్‌ని చేరేలోపే ఆరిపోతా ఉందని అర్థం.

అయ్యాక 40 డిగ్రీల ట్రే డ్రయర్‌లో 2 గంటలు ఉంచి, మరుసటి రోజు 0.1 నార్మల్ హెచ్‌సీఎల్‌లో 2 గంటలు డిసింటిగ్రేషన్ (టాబ్లెట్ విడిపోతుందా అని చూసే) టెస్ట్ పెట్టండి. పగలకూడదు, ఉబ్బకూడదు. ఆ తర్వాత పీహెచ్ 6.8 ఫాస్ఫేట్ బఫర్‌లో గంటలోపు విడిపోవాలి. యాసిడ్‌లోనే పోతే ఎక్కడ చీలిందో లెన్స్‌తో చూడండి, అంచుల్లో అయితే కోర్ గట్టిదనం సరిచేసుకోండి, అంతా ఒకేలా ఉబ్బితే ఇంకో 2 శాతం కోట్ వేయండి.