బ్యాండుమేళం కుర్రాళ్లు ఉర్బాన్యాక్‌ని వినే పద్ధతి

ఆషాఢమో మూఢమో వచ్చి ముహూర్తాలు ఆగిపోతే మన విజయనగరం బ్యాండు వాళ్లకి సాక్సోఫోన్ పెట్టె తెరిచే పనుండదు. ఆ ఖాళీలో పెళ్లిళ్ల పాటలే మళ్లీ మళ్లీ ఊదుకునే బదులు, పరదేశం వెళ్లి స్థిరపడ్డ విద్వాంసుణ్ని ఒక్కణ్ని పట్టుకోండి. ఊరు విడవకముందు ఏం వాయించాడో, విడిచాక ఏం వాయించాడో వరసగా వినండి. నన్నడిగితే పోలండ్ వాడు మిహావ్ ఉర్బాన్యాక్ పేరు చెబుతాను. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు సంగీత కళాశాలలో పాఠం చెప్పిన ఊరు మనది. వయొలినూ సాక్సోఫోనూ రెండూ పట్టిన మనిషి మనకి తొందరగానే దగ్గరవుతాడు.

ముందు ఆయన బతుకంతా ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి. 1943లో వార్సాలో పుట్టాడు. చిన్నప్పుడు వయొలిన్, తర్వాత జాజ్ (అమెరికాలో పుట్టిన, అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించే సంగీతం) పిచ్చి పట్టి సాక్సోఫోన్.  కుర్రతనంలోనే, 1962లో అంద్జెయ్ త్షస్కోవ్‌స్కీ బృందంతో అమెరికా వెళ్లొచ్చాడు. ఆ తర్వాత పియానో వాద్యకారుడు క్షిష్తోఫ్ కొమెడా బృందంలో వాయించాడు. ఆ దశాబ్దంలోనే కొన్నేళ్లు స్కాండినేవియాలో వాయించాడు. 1971లో స్విట్జర్లాండ్‌లోని మాంత్రో జాజ్ ఉత్సవంలో ఉత్తమ సోలో వాద్యకారుడన్న బహుమతి వచ్చింది. 1973లో భార్య, గాయని ఉర్షులా దుద్జ్యాక్‌తో న్యూయార్క్ చేరాడు. 1986లో అమెరికా ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 'టుటు' ఆల్బంలో ఆయన వయొలిన్ వినిపిస్తుంది. ఏ రికార్డు పెట్టినా, అది ఈ కాగితంలో ఎక్కడ పడుతుందో చూసుకున్నాకే వినడం మొదలెట్టండి.

ఇంకొక్క సంగతి ఆ కాగితం అడుగున రాయండి. స్టాలిన్ కాలంలో పోలండ్‌లో జాజ్ అంటే సర్కారుకి గిట్టేది కాదు. 1955 నుంచి వాయిస్ ఆఫ్ అమెరికా రేడియోలో విల్లిస్ కోనోవర్ జాజ్ కార్యక్రమం వచ్చేది. అక్కడి కుర్రాళ్లు చాలామందికి అదే బడి. చెవితో నేర్చుకున్నారు, మనలాగే. నోటు చదవడం రాదని సిగ్గుపడే మన వాళ్లకి ఈ ముక్క గట్టిగా చెప్పాలి.

వినే వరస ఇది. మొదట కొమెడా 'ఆస్టిగ్మాటిక్', 1965లో రికార్డు చేసింది. అందులో ఆల్టో సాక్సోఫోన్ ఊదింది ఉర్బాన్యాక్ కాదు, జ్బిగ్‌న్యేవ్ నమిస్వోవ్‌స్కీ. అయినా ముందు అదే వినండి, ఉర్బాన్యాక్ ఏ గాలిలో పెరిగాడో తెలుస్తుంది. రెండోది పోలిష్ జాజ్ వరుసలో 1971లో వచ్చిన ఉర్బాన్యాక్ గ్రూప్ లైవ్ రికార్డింగ్. మూడోది అమెరికాలో 1974లో వచ్చిన 'ఫ్యూజన్'. చివరికి 'టుటు'. రెండో దానికీ మూడో దానికీ నడుమ తేడా పట్టుకోవడమే అసలు పని. కరెంటు వాద్యాలు పెరిగాయి, వయొలిన్ ముందుకొచ్చింది, పోలండ్ జానపదం మాత్రం ఇంట్లోనే ఉండిపోలేదు, ఆయనతో పాటే సముద్రం దాటింది.

ఇక వాద్యం చేతికి తీసుకోండి. శ్రుతి పెట్టె కట్టేయండి. ఇది కుర్రాళ్లకి నచ్చదు గానీ తప్పదు. జాజ్‌లో అడుగున కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) మారిపోతూ ఉంటాయి, ఒకే షడ్జం పట్టుకుని కూర్చుంటే దారి దొరకదు. బాస్ ఏ స్వరం మీద కాలు పెడుతోందో దాన్ని నోటితో పాడండి. పాడగలిగాకే ఊదండి. రికార్డులో పియానో 'సి' వినబడితే ఆల్టో మీద 'ఎ' వేళ్లు, టెనర్ మీద 'డి' వేళ్లు వేయాలి. ఈ లెక్క తెలియక సగం మంది మొదటి రోజే మానేస్తారు. ఫోనులో వేగం 0.75కి తగ్గించి, నాలుగైదు స్వరాల ముక్క ఒక్కటే తీసుకోండి. మొత్తం సోలో ఎత్తెయ్యాలన్న ఆశ వద్దు.

తాళం దగ్గర మనకి కొంచెం మేలే. నమిస్వోవ్‌స్కీ పాటొకటి పెడితే మా మేనల్లుడు, "ఏటి మావా, ఈళ్లకి తాళం తప్పిపోతంది" అన్నాడు. "తప్పలేదురా, నువ్వు నాలుగు లెక్కెడతన్నావ్, ఆళ్లు ఏడు వాయిస్తన్నారు" అని చేతి మీద తకిట తకధిమి వేసి చూపించాను. మిశ్రచాపు తెలిసినవాడికి ఏడు భయం కాదు, ఖండచాపు తెలిసినవాడికి ఐదూ భయం కాదు. కష్టమల్లా పోలండ్ జానపద నాట్యం మజుర్కాతోనే. మూడే దెబ్బలు, కానీ ఒత్తు తరచుగా రెండో దాని మీదో మూడో దాని మీదో పడుతుంది. మన చెయ్యి అలవాటుగా మొదటి దాన్నే గట్టిగా కొడుతుంది. నడుస్తూ సాధన చేయండి, కూర్చుంటే రాదు.

పోలండ్ దక్షిణాన ఉన్న టాట్రా కొండల జానపదంలో ప్రతి మధ్యమం తరచుగా వినబడుతుంది, ఒక్కోసారి దానితో పాటు కైశికి నిషాదం కూడా. అప్పుడు కల్యాణి అనో వాచస్పతి అనో గుర్తు పెట్టుకుంటే వేళ్లు తేలిగ్గా పడతాయి. అంతవరకే. ప్రతి పాటకీ రాగం పేరు తగిలించి మన వాళ్ల దగ్గర నేర్చుకున్నారని కథలు అల్లేవాళ్లుంటారు, వాళ్ల మాట వినకండి. గమకం సంగతీ అంతే. సాక్సోఫోన్ మీద కర్ణాటక సంగీతం ఊదిన కద్రి గోపాల్‌నాథ్ గారిని విని పెరిగిన చెవి ప్రతి స్వరాన్నీ ఊపాలంటుంది. ఇక్కడ స్వరాన్ని నాలికతో నేరుగా మొదలెట్టి, వణుకు కావాలంటే తోక దగ్గర పెట్టండి.

రీడు రెండున్నర నంబరు సరిపోతుంది. వాయించాక తుడిచి డబ్బాలో పెట్టండి, మౌత్‌పీస్‌కే వదిలేస్తే మన ఉక్కకి బూజు పడుతుంది.

ముక్క వంటబట్టాక శ్రావణంలో బయటపెట్టండి. గంటస్తంభం దగ్గర ఊరేగింపు ఆగి, చరణానికీ చరణానికీ నడుమ డ్రమ్ములొక్కటే మోగుతాయి చూడండి, అక్కడ. డ్రమ్ము వాడికి ముందే చెప్పి ఉంచాలి, లేకపోతే తప్పు ఊదావనుకుని కర్ర ఎత్తి సైగ చేస్తాడు. పెళ్లివారు పట్టించుకోరు, వాళ్లడిగిన పాట వెంటనే మళ్లీ అందుకుంటే చాలు.