మూసిన కట్టెల పొయ్యిని మళ్లీ తెరవడం

చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లోని పాత ఇళ్లలో, గ్యాసు వచ్చాక కట్టెల పొయ్యి అరను ఇటుకలతో మూసి, పైన సున్నం కొట్టినవి ఎన్నో ఉన్నాయి. రాగి సంగటి కోసమో, పండగ వంటల కోసమో దానిని తిరిగి తెరవాలనుకునేవారు పొగగూడు నుంచే పని మొదలుపెట్టాలి. పొగ పైకి లాగని చోట ఎంత చక్కగా పొయ్యి కట్టినా వంటింట్లో మనిషి నిలవలేడు.

ఈ పనికి సంక్రాంతి తర్వాతి రోజులు అనువైనవి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ వల్ల మట్టి ఆరదు. మా ఇంట్లో కార్తీకంలో కట్టిన గోడ నెల తిరిగినా పచ్చిగానే ఉండి, మంట పెట్టగానే పగిలింది.

ముందుగా మిద్దె ఎక్కి పొగగూడులోకి టార్చి వేసి, పిట్టగూళ్లు, తేనెపట్లు, రాలిపడిన ఇటుకలు ఉన్నాయేమో చూడాలి. కింద తడి గోనెపట్టాలు పరిచి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, తాడుకు గట్టి చీపురు కట్టి పైనుంచి కిందకు మసి దులపాలి. గోడకు నల్లటి తారులా అంటుకున్న పొరను తప్పక గీకేయాలి. పచ్చికట్టెల పొగ నుంచి పేరుకునే ఆ పొర అంటుకుంటే పొగగూడు మొత్తం మండుతుంది.

తర్వాత పూడ్చిన ఇటుకలు తీయవచ్చు. అయితే అర పైన గోడ బరువు మోసే రాయి లేదా దూలం ఎక్కడుందో సున్నం గీకి కనుక్కోవాలి. చాలా చోట్ల చీలిన దూలాన్ని ఆ పూడ్పే మోస్తూ ఉంటుంది కాబట్టి, మేస్త్రీతో ఊతకర్రలు పెట్టించాకే, ఉలితో పైవరుస నుంచి ఒక్కొక్క ఇటుకే తీయాలి. తెరిచాక ఎండుగడ్డి వెలిగించి, పొగ ఏ సందులోంచి గదుల్లోకి చొరబడుతోందో గమనించి, ఆ సందులను సున్నపు గచ్చుతో పూడ్చాలి.

మంట తగిలే లోపలి గోడకు మామూలు సిమెంటు వాడరాదు. వేడికి అందులోని నీరు పోయి అది పొడి రాలుతుంది. బంకమన్ను, ఇసుక కలిపిన అడుసుతో ఫైర్ బ్రిక్స్ (మంటను తట్టుకునే ఇటుకలు) పేర్చడం మేలు. ఇనుప పొయ్యి పెడితే, వేడికి అది సాగుతుంది కనుక చుట్టూ వేలెడు ఖాళీ వదలాలి. దాని ఇనుప గొట్టానికి చెక్క దూలాలు కనీసం అడుగున్నర దూరంలో ఉండాలి. పొగగూడు కొన కప్పును దాటే చోటు నుంచి 3 అడుగులు పైకి, చుట్టూ 10 అడుగుల దూరం లోపలున్న దేనికన్నా 2 అడుగులు ఎత్తుగా లేస్తే గాలి పొగను వెనక్కి నెట్టదు.

కట్టిన మట్టిని వారం నీడలో ఆరనిచ్చి, ఆపై నాలుగు రోజులు పుల్లల మంటే పెట్టాలి. కత్తిరించిన మామిడి కొమ్మలను చీల్చి ఒక ఎండాకాలం ఆరబెట్టాకే పొయ్యిలో వాడాలి. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు గనుక, బూడిద పూర్తిగా చల్లారేదాకా వంటింటి కిటికీ మూయరాదు.