కంపోజిషన్ పేపర్ తీసుకున్నోళ్లకు: ముందుగాల ఒక ఫైలు కొనుండ్రి

ఈ సెమిస్టర్‌ల ఇంగ్లీష్ కంపోజిషన్ పేపర్ (వ్యాసాలు రాసుడు నేర్పేది) తీసుకున్న జూనియర్లు ఇద్దరు ముగ్గురు అడిగిండ్రు, అన్నా ఏ గైడ్ కొనాలె అని. గైడ్ వద్దు తమ్మీ. హన్మకొండ చౌరస్త దిక్కు పోయి ఏదన్న స్టేషనరీ షాపుల ఒక అట్ట ఫైలు, ఒక లాంగ్ నోట్‌బుక్కు తెచ్చుకోండ్రి, ఖర్చు అంతే.

ఫైలు ఎందుకంటే మీరు రాసిన ప్రతి కాయితం అండ్లనే పడాలె, కొట్టేసింది, చినిగింది, చాయ ఒలికింది, ఏదైనా సరే పైన తారీఖు ఏసి పెట్టాలె. నేను మొదటి రెండు నెలలు ఈ పని చెయ్యలే, ఫేర్ కాపీ ఇచ్చుడు రఫ్ కాయితాలు చింపుడు, చిన్నప్పటి సంది అదే అలవాటు కదా, ఆఖరికి మేడం పోర్ట్‌ఫోలియో (రాసినయన్నీ డ్రాఫ్టులతోని కలిపి ఇచ్చే ఫైలు) పెట్టుమన్న రోజు నా దగ్గర అన్నీ నున్నగ ఉన్న కాయితాలే ఉన్నయ్ గని, అవి అట్లెట్ల అయినయో చూపెట్టేటందుకు ఏం లేకుండె. మా దగ్గరైతే సగం మార్కులు దానికే. మొదటి డ్రాఫ్ట్‌కు ఆఖరు డ్రాఫ్ట్‌కు నడుమ ఏం మార్చినవ్, ఎందుకు మార్చినవ్, అదే అడిగేది.

ఇగ నోట్‌బుక్కు. నేను ఇంటర్ దాక తెలుగు మీడియం, మీలో సగం మంది గూడ అంతే అనుకుంట. మనం డైరెక్టుగ ఇంగ్లీష్‌ల రాయబోతే చేతికి వచ్చేవి గైడ్ వాక్యాలే, ఎందుకంటే మన దగ్గర ఉన్న ఇంగ్లీష్ అంత అక్కడి నుంచే వచ్చింది. అందుకని ఎడమ పేజీ మన మాటకు, కుడి పేజీ ఇంగ్లీష్‌కు. ముందు ఎడమ పేజీల పది నిమిషాలు, ఫోన్‌ల టైమర్ పెట్టుకొని, పెన్ను ఆపకుండ రాయాలె, ఇంట్ల అవ్వతోని ఎట్ల మాట్లాడుతరో అట్లనే, తప్పులు పోనియ్యుండ్రి, ఏం తోచకపోతే ఏం తోస్తలేదు అనే రాయుండ్రి. నాకైతే ఆరేడు నిమిషాలైనంక గని అసలు మాట రాకపోయేది. (కాళోజీ పుట్టినరోజని సెప్టెంబర్ 9న తెలంగాణ భాషా దినోత్సవం చేస్తరు కదా, మా కాలేజీల ఆ రోజు స్పీచులన్నీ గ్రాంథికంల ఉండేటియి. మన బాసల రాయాలంటే మనకే సిగ్గు. ఎడమ పేజీ ఎవ్వలకూ చూపెట్టే పని లేదు, అక్కడ సిగ్గు వద్దు.)

ఇప్పుడు అసలు ముచ్చట. మా మొదటి అసైన్‌మెంట్ రైతు మీద. నేను ఇచ్చిన దాన్ని తెలుగుల చెప్తే గిట్లుంటది:

"రైతు దేశానికి వెన్నెముక. రైతే రాజు అంటారు. కానీ నేటి ఆధునిక యుగంలో రైతు అనేక సమస్యలను ఎదుర్కొంటున్నాడు."

టెన్త్ సంది ఇదే రాస్తున్న, ఎన్నడూ మార్కులు పోలే. మేడం కింద ఎర్ర పెన్నుతోని మూడే ముక్కలు రాసింది. ఏ రైతు? ఎన్నడు? నువ్వు చూసినవా? నాకు మస్తు కోపమొచ్చింది, మా బాపు మిర్చి రైతు, నేను చూడకపోవుడేంది అని. ఆ కోపంతోనే రాత్రి హాస్టల్‌ల ఎడమ పేజీ నింపిన, అండ్ల నుంచి రెండో డ్రాఫ్ట్ వచ్చింది:

"తెల్లారకముందే మార్కెట్ యార్డుల దిగినం. బాపు బస్తాల మీదనే కూసున్నడు, లేస్తే జాగ పోతదని. వ్యాపారి వచ్చి బస్తా మూతి ఇప్పి, మోచెయ్యి దాక లోపల పెట్టి కింది కాయలు తీసిండు. ఒకటి ఇరిచిండు, ఇత్తులు దులిపిండు, రేటు చెప్పిండు. బాపు ఆయన మొఖం చూడలే, ఇరిగిన కాయ దిక్కు చూసిండు."

ఇండ్ల వెన్నెముక లేదు, సమస్య అన్న మాటే లేదు. మీరు గూడ ఒక పని చెయ్యుండ్రి, రాసినంక ఒక్కొక్క వాక్యం తీసి, ఇది పక్క బెంచోడి పేపర్‌ల పెట్టినా సరిపోతదా అని చూడుండ్రి. సరిపోతే కొట్టెయ్యుండ్రి. నా మొదటి డ్రాఫ్ట్‌కు ఈ లెక్క పెడితే ఒక్క లైన్ మిగల్లే, నిజంగ.

అయితే చూసింది రాసినం కదా అయిపాయె అనుకోవద్దు, నేను అట్లనే అనుకున్న, అందుకే రెండో డ్రాఫ్ట్ ఆఖర్ల వ్యాపారులందరు మోసం చేస్తరు అని ఒక లైన్ కొట్టిన. మేడం మళ్ల అడిగింది, నీకెట్ల తెలుసు? నేను పేపర్ కటింగ్ పట్టుకపోయిన, అండ్ల జెండా పాట రేటు ఉన్నది, మా బాపు తక్‌పట్టీల (సరుకు అమ్మినంక ఇచ్చే లెక్క చీటి) అంతకన్న తక్కువ ఉన్నది, చూడుండ్రి అని. జెండా పాట అంటే ఏంది అన్నది. నాకు సక్కగ తెల్వది! రైతు కొడుకును, తెల్వది. ఇంటికి ఫోన్ చేస్తే బాపు చెప్పిండు, అది ఆ పొద్దు మంచి సరుకుకు పలికిన పై రేటు రా, మిగిలినోళ్లకు రంగు, తేమ, తాలు చూసి తగ్గిస్తరు, మనది ఆ రోజు జర పచ్చిగుండె అని. అంటే నా దగ్గరున్న రెండు కాయితాలు రెండు వేరే వేరే సంగతులు చెప్తున్నయ్, మోసం అనేటందుకు అవి సాక్ష్యం కావు. మూడో డ్రాఫ్ట్‌ల నా వాదన చిన్నగైంది: పేపర్ల అచ్చయ్యే ఒక్క రేటు చూసి మిర్చికి ధర మంచిగున్నదని అనుకోవద్దు, అది ఏ సరుకు రేటో గూడ చెప్పాలె. చిన్నదే గని దాన్ని నేను నిలబెట్టగలుగుత. నన్నడిగితే ఈ కోర్సుల కష్టమైన పని ఇదే, వాదనను మీ దగ్గరున్న ఆధారమంత సైజుకు కోసుకునుడు. ఇంగ్లీష్ దీని ముందర ఏం లెక్క కాదు.

ఆధారాలను ఎట్ల రాయాలె అంటే మనకు దగ్గరున్న ఉదాహరణే రామప్ప గుడి. పాలంపేటల ఉన్న శాసనం ప్రకారం 1213ల గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిండు. రామప్ప అనే శిల్పి చెక్కిండు, ఆయన పేరే గుడికి వచ్చింది అని జనం చెప్పుకుంటరు. రెండూ రాయొచ్చు, గని మొదటిదానికి "శాసనంల ఉన్నది" అని, రెండోదానికి "జనం చెప్పుకుంటరు" అని పెట్టాలె. యునెస్కో గుర్తింపు 2021ల వచ్చింది, అది తారీఖుతోని దొరుకుతది, వెతికి పెట్టుండ్రి. "చరిత్ర చెబుతోంది" అని మాత్రం రాయకుండ్రి, చరిత్రకు నోరు లేదు.

ఫ్రెండ్‌కు చూపెట్టుడు, దాన్నే పీర్ రివ్యూ అంటరు, మన దగ్గర అది "మంచిగున్నది రా" అనే మాటతోని అయిపోతది, ఎందుకంటే దోస్తును ఎట్ల తిడుతం. అందుకని ఎట్లుంది అని అడగద్దు. వాణ్ని గట్టిగ చదువుమనుండ్రి, మీరు పెన్ను పట్టుకొని పక్కకు కూసోండ్రి, వాడు ఎక్కడ తడబడ్డా, మళ్ల వెనకకు పోయి చదివినా అక్కడ చుక్క పెట్టుండ్రి. అయినంక కాయితం మూసి, నేనేం చెప్పిన, ఒక్క ముక్కల చెప్పు అని అడుగుండ్రి. నా రూమ్మేట్ "మీ బాపు పాపం" అన్నడు. నేను రాసింది రేట్ల గురించి అనుకుంటున్న! అప్పుడు తెలిసింది, రేటు ముచ్చట నాలుగో పేజీ దాక రాలేదని. దాన్ని రెండో పేరాకు తెచ్చిన.

గ్రామర్ ఆఖరికి చూసుకోండ్రి. అందరివీ దాదాపు ఒకే తప్పులు, క్రియ చివర ఎస్ మర్చిపోవుడు, "ది" (the) ఎక్కడ పెట్టాలెనో తెల్వకపోవుడు, గతం వర్తమానం కలిపి కొట్టుడు. ఎర్ర పెన్ను ఎక్కువ ఎక్కడ పడ్డదో చూసి మీవి మూడు తప్పులు అట్ట మీద రాసుకొని, ఆ మూడిటి కోసమే ఒక్కసారి చదువుండ్రి. ఏఐతోని రాయించుకుందమనుకునేటోళ్లకు ఒకటే చెప్త, నేను గూడ చూసిన, రైతు మీద రాయుమంటే మళ్ల దేశానికి వెన్నెముకే వచ్చింది, కాకపోతే ఇంగ్లీష్ మంచిగుండె. స్పెల్లింగ్ చూపిచ్చుకోండ్రి, తప్పు లేదు.

పోర్ట్‌ఫోలియో ముందర పెట్టే ఉత్తరంల "ఈ కోర్సు వలన నేను ఎంతో ఎదిగాను, మేడం గారికి కృతజ్ఞతలు" అని రాస్తరు అందరు. నేను గూడ ముందు అదే రాసిన, తర్వాత పక్క బెంచోడి లెక్క గుర్తొచ్చి కొట్టేసిన. ఫైలు ముందటేసుకొని రెండు వాక్యాలు పట్టుకోండ్రి, మొదట ఎట్లుండె, ఇప్పుడెట్లున్నది, ఎవరేమన్నంక మారింది, అంతే రాయుండ్రి. ఇంకా రానిది గూడ ఒకటి రాయుండ్రి. నాకు ముగింపు రాయుడు రాదని రాసిన, మేడం పక్కన టిక్కు పెట్టింది.

సబ్మిషన్‌కు ఒక రోజు ముందే జిరాక్స్ తీసుకోండ్రి, ఆఖరు రోజు షాపుల లైను ఉంటది. ఒరిజినల్స్ మీ దగ్గర పెట్టుకొని జిరాక్సులు ఇయ్యుండ్రి, నా ఫైలు ఇంకా వాపస్ రాలే.