విటమిన్ డి తక్కువా? ఏ ఇబ్బందికి ఏది కారణం, ఏం చేయాలి

మే నెలలో గుంటూరు రోడ్ల మీద కాలు పెట్టలేం, అలాంటి ఊళ్ళో ఉంటూ విటమిన్ డి తక్కువ రావడమేంటి అని రిపోర్టు పట్టుకుని అడుగుతుంటారు చాలామంది. ఎండ ఊరి మీద పడుతోంది కానీ మన ఒంటికి తగలట్లేదు, అదీ సంగతి. విజయవాడ బీసెంట్ రోడ్డులో బట్టల షాపుకి పొద్దున్నే ఎక్కి రాత్రికి దిగే అమ్మాయి, తెల్లారకముందే స్టడీ అవర్‌కి కూర్చునే ఇంటర్ హాస్టల్ పిల్లాడు, మొహానికి చున్నీ చుట్టి చేతులకి గ్లోవ్స్ తొడుక్కుని బండి మీద బెంజ్ సర్కిల్ దాటే ఉద్యోగిని, అపార్ట్‌మెంట్ మెట్లు దిగలేక ఇంట్లోనే ఉండిపోయిన అమ్మమ్మ, వీళ్ళలో ఎవరికి ఎండ తగులుతోంది?

నేను గుంటూరు కొత్తపేటలో మందుల షాపులో పనిచేస్తాను. కౌంటర్ దగ్గర జనం చెప్పుకునే ఇబ్బందులు దాదాపు ఈ కిందివే, కాబట్టి అదే వరసలో రాస్తున్నాను. మోతాదు మాత్రం మీ డాక్టరు గారే చెప్పాలి, ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

ఒళ్ళు నొప్పులు, నీరసం. ఇది డి తక్కువేనా?

కావచ్చు, కాకపోవచ్చు. నీరసం ఒక్కటే ఉంటే ముందే డి మీదకి పోకండి, ఎందుకంటే రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా ఉన్నా, బి12 తగ్గినా, షుగర్ ఉన్నా, నిద్ర లేకపోయినా ఇదే నీరసం వస్తుంది. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బి12, షుగర్ చూపించుకోకుండా ఒక్క డి మాత్రమే చూపించుకుని, అది కాస్త తక్కువ రాగానే దొంగ దొరికాడనుకుని మందు మొదలుపెడితే అసలు జబ్బు అలాగే మిగిలిపోతుంది. జుట్టు రాలడానికి కూడా చాలాసార్లు ఐరన్ తగ్గడమో థైరాయిడో కారణం.

డి బాగా పడిపోయినప్పుడు కనిపించేవి వేరుగా ఉంటాయి. నొప్పి కీళ్ళలో కాకుండా ఎముకల్లో ఉంటుంది, నడుము, తుంటి, పక్కటెముకల దగ్గర లోపల్నుంచి పీకుతున్నట్టు. మోకాలి కింద ముందువైపు ఎముకని బొటనవేలితో నొక్కితే నొప్పి పుడుతుంది. తొడల్లో, తుంటి దగ్గర కండ బలం తగ్గుతుంది కాబట్టి కింద కూర్చున్న మనిషి చెయ్యి ఆనించకుండా లేవలేరు, మెట్లు ఎక్కడానికి రెయిలింగ్ పట్టుకోవాల్సి వస్తుంది. ఇలాంటివి ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. చిన్నపిల్లల్లో అయితే కాళ్ళు విల్లులా వంగడం, మణికట్టు లావెక్కడం, పళ్ళు, నడక ఆలస్యం కావడం. అది రికెట్స్ (ఎముకలు మెత్తబడి వంగే జబ్బు) కావచ్చు, పిల్లల డాక్టరు చూడాల్సిందే.

ఏ పరీక్ష చేయించాలి?

25-హైడ్రాక్సీ విటమిన్ డి. చీటీ మీద ఈ పేరే ఉండాలి. 1,25-డైహైడ్రాక్సీ అని ఇంకో పరీక్ష ఉంది, ఖరీదు ఎక్కువ, కిడ్నీ జబ్బు లాంటి ప్రత్యేకమైన సందర్భాల్లో రాస్తారు. డి బాగా తగ్గినవాళ్ళలో కూడా అది మామూలుగానే కనిపించొచ్చు, ఒక్కోసారి ఎక్కువే కనిపించొచ్చు, కాబట్టి పొరపాటున అది చేయించుకుంటే డబ్బు పోయి ధైర్యం మాత్రం తప్పుగా వస్తుంది.

పరగడుపున వెళ్ళక్కర్లేదు, టిఫిన్ తిని వెళ్ళొచ్చు. జుట్టు కోసం, గోళ్ళ కోసం బయోటిన్ బిళ్ళలు వాడుతుంటే మాత్రం ముందే చెప్పండి. కొన్ని ల్యాబ్ యంత్రాల్లో బయోటిన్ వల్ల డి ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, థైరాయిడ్ రిపోర్టూ తప్పొస్తుంది. అందుకే కొన్ని రోజులు ఆపి రమ్మంటారు.

అందరూ చేయించుకోవాలా అంటే, అక్కర్లేదు. 2024లో అమెరికాలోని హార్మోన్ల డాక్టర్ల సంఘం ఎండోక్రైన్ సొసైటీ ఇచ్చిన సూచనల్లో కూడా ఏ ఇబ్బందీ లేని ఆరోగ్యవంతులకి ఊరికే ఈ పరీక్ష చేయొద్దనే చెప్పింది. ఎముకల నొప్పి ఉన్నవాళ్ళు, చిన్న దెబ్బకే ఎముక విరిగినవాళ్ళు, కిడ్నీ, లివర్ జబ్బులున్నవాళ్ళు, బరువు తగ్గడానికి పొట్ట ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు, ఫిట్స్ మందులు ఏళ్ళ తరబడి వాడేవాళ్ళు, స్టెరాయిడ్స్ వాడేవాళ్ళు చేయించుకోవాలి. ఫుల్ బాడీ ప్యాకేజీలో ఉంది కదా అని చేయించుకుని తర్వాత టెన్షన్ పడేవాళ్ళే మా దగ్గరికి ఎక్కువ వస్తారు.

రిపోర్టులో 24 వచ్చింది, పక్కన తక్కువ అని రాశారు

ముందు యూనిట్ చూడండి. మన ల్యాబుల్లో ఎక్కువగా మిల్లీలీటరుకి నానోగ్రాముల్లో ఇస్తారు. లీటరుకి నానోమోల్స్‌లో ఇస్తే ఆ అంకెని 2.5తో భాగించాలి. అంటే 60 నానోమోల్స్ అన్నా 24 నానోగ్రాములన్నా ఒకటే. విదేశాల్లో ఉన్న పిల్లలు తమ రిపోర్టు ఫోన్లో పంపితే ఇక్కడి అంకెలతో పోల్చుకుని కంగారు పడేది ఇందుకే.

చాలా ల్యాబులు 30 నుంచి 100 వరకు సరైనదని ముద్రిస్తాయి. ఆ 30 గీత మీద డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. 2011లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 20 ఉంటే దాదాపు అందరి ఎముకలకీ సరిపోతుందని చెప్పింది, అదే ఏడాది ఎండోక్రైన్ సొసైటీ 30 కావాలంది, మళ్ళీ 2024లో ఆ సొసైటీయే 30 అన్న మాట వెనక్కి తీసుకుంది. నా దృష్టిలో 12 కన్నా తక్కువైతే గట్టిగా పట్టించుకోవాలి, 12 నుంచి 20 మధ్యలో ఉంటే మందు అవసరమా అని డాక్టరుని అడగాలి, 20 దాటి ఏ బాధా లేకపోతే తిండి, ఎండ సరిచేసుకుంటే చాలు. 24 వచ్చిందని నిద్ర పాడుచేసుకోకండి.

బాగా తక్కువ వస్తే డాక్టర్లు కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఎముకల కోసం), క్రియాటినిన్ (కిడ్నీ కోసం), ఒక్కోసారి పీటీహెచ్ (కాల్షియాన్ని అదుపు చేసే హార్మోన్) పరీక్షలు కూడా రాస్తారు. ఎముకల మీద దెబ్బ ఎంతవరకు పడిందో, కిడ్నీ ఎలా ఉందో, మందు ఇవ్వడం క్షేమమేనా అన్నది వీటితోనే తెలుస్తుంది. వీటిని అనవసరపు ఖర్చు అనుకోవద్దు.

రోజూ పొద్దున్నే నడుస్తున్నాను, అయినా తక్కువే

కృష్ణా ఘాట్ల మీద పొద్దున ఆరింటికి నడిచేవాళ్ళ మాట ఇది. నడక ఒంటికి చాలా మంచిది, కానీ ఆ నీరెండలో డి తయారు కాదు. చర్మంలో డి తయారు కావాలంటే ఎండలోని యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలు తగలాలి, సూర్యుడు కిందగా ఉన్నప్పుడు అవి గాలి పొరల్లోనే ఆగిపోతాయి. గడియారం చూడక్కర్లేదు, మీ నీడ చూడండి. నీడ మీ ఎత్తు కన్నా పొట్టిగా ఉంటే ఆ ఎండలో పనికొచ్చే కిరణాలున్నాయి, పొడుగ్గా ఉంటే లేనట్టే లెక్క.

మన విజయవాడ, గుంటూరు వైపు లెక్క వేస్తే మేలో దాదాపు తొమ్మిదింటికే నీడ పొట్టిదైపోతుంది. డిసెంబరులో పదిన్నర దాటితే గానీ అవ్వదు, మధ్యాహ్నం ఒంటిగంటన్నర కల్లా మళ్ళీ పొడుగవుతుంది. అంటే చలికాలంలో మధ్యాహ్నపు ఎండ, వేసవిలో తొమ్మిదింటి ఎండ. రోహిణి కార్తెలో డి కోసమని పన్నెండింటికి డాబా ఎక్కి కూర్చోవద్దు, వడదెబ్బ తగిలితే ప్రాణం మీదకొస్తుంది, పెద్దవాళ్ళు, గుండె జబ్బులున్నవాళ్ళు అసలే వద్దు. మేలో తొమ్మిదింటికి కాసేపు చాలు, కాళ్ళూ చేతులూ తగిలేలా.

కిటికీ అద్దం వెనక కూర్చుంటే, కారులో అద్దాలు ఎత్తి తిరిగితే లాభం లేదు, అద్దం ఆ కిరణాలని ఆపేస్తుంది. మొహం ఒక్కటే తగిలితే సరిపోదు, మోచేతుల పైదాకా, మోకాళ్ళ కిందిదాకా తగలాలి. మన చామనఛాయ, నలుపు చర్మానికి తెల్లవాళ్ళ కన్నా ఎక్కువసేపు కావాలి, వాళ్ళు చెప్పే పది నిమిషాల లెక్క మనకి వర్తించదు. అరగంట దాకా, వారంలో కొన్ని రోజులు. ఎండలో ఎక్కువసేపున్నా డి విషంగా మారదు, ఎక్కువైనదాన్ని ఎండే చర్మంలో విరగ్గొడుతుంది. ఆ ప్రమాదం బిళ్ళలతోనే.

కోర్సు మొత్తం వాడాను, అంకె కదల్లేదు

ఇక్కడ ఓపిగ్గా వెతకాలి, చాలా వరకు కారణం దొరుకుతుంది.

మామూలుగా డాక్టర్లు 60,000 యూనిట్ల కొలెకాల్సిఫెరాల్ (విటమిన్ డి3) వారానికి ఒకటి చొప్పున 8 వారాలు రాస్తారు, సాచెట్ గానీ క్యాప్సూల్ గానీ. మొదట అడగాల్సింది ఎప్పుడు మింగుతున్నారు అని. పొద్దున్నే పరగడుపున నీళ్ళతో మింగేవాళ్ళు చాలామంది. ఇది కొవ్వులో కరిగే విటమిన్, తిండిలో కొవ్వు ఉంటేనే ఒంటికి బాగా పడుతుంది. మధ్యాహ్నం పప్పన్నంలో నెయ్యి వేసుకుని తిన్న తర్వాత వేసుకోండి. సాచెట్ అయితే వెన్న తీయని పాలల్లో కలుపుకోండి, వెన్న తీసిన పాలల్లో వద్దు.

రెండోది మర్చిపోవడం. రోజూ వేసుకునే బిళ్ళ గుర్తుంటుంది, వారానికోసారిది గుర్తుండదు. ఆదివారం భోజనం తర్వాత అని పెట్టుకుంటే ఇంట్లో ఇంకొకరు కూడా గుర్తుచేస్తారు.

మూడోది బరువు. కొవ్వు ఎక్కువున్న ఒంట్లో డి ఆ కొవ్వులోకి వెళ్ళిపోతుంది, రక్తంలో కనిపించేది తక్కువ. ఇలాంటివాళ్ళకి రెండు మూడు రెట్లు మోతాదు పట్టొచ్చని డాక్టర్ల పుస్తకాల్లోనే ఉంది. కానీ అది వాళ్ళు పెంచాలి, మీరు కాదు.

నాలుగోది వేరే మందులు. ఫెనిటోయిన్, కార్బమాజెపైన్, ఫినోబార్బిటాల్ లాంటి ఫిట్స్ మందులు, టీబీకి వాడే రిఫాంపిసిన్ డిని త్వరగా ఖర్చు చేసేస్తాయి. బరువు తగ్గడానికి వాడే ఆర్లిస్టాట్ కొవ్వుని, దాంతో పాటు డిని కూడా బయటికి పంపేస్తుంది. వాటిని సొంతంగా ఆపడం ప్రమాదం, డాక్టరుకి ఆ చీటీలు కూడా చూపించండి, అంతే.

ఇవేవీ కాకపోతే పేగులు. తరచూ విరేచనాలు, జిడ్డుగా తేలే మలం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే గోధుమలు పడని సీలియాక్ జబ్బో, క్లోమం ఇబ్బందో ఉండొచ్చు. గ్యాస్ట్రో డాక్టరుకి చూపించుకోవాలి. ఎన్ని సాచెట్లు తాగినా పేగు పీల్చుకోకపోతే అంకె కదలదు.

ఇంకోటి, పరీక్ష తొందరగా చేయించడం. మొదలుపెట్టిన పది రోజులకే మళ్ళీ ల్యాబుకి వెళ్తే ఏమీ తెలియదు. మూడు నెలల దగ్గర చేయించండి, అదీ మొదట చేయించిన ల్యాబులోనే. ల్యాబు మారితే పద్ధతి మారి అంకె కూడా మారొచ్చు.

అంకె పెరిగింది, నొప్పి తగ్గలేదు

కాల్షియం చూడండి. డి చేసే పని తిండిలోని కాల్షియాన్ని ఒంటికి పట్టించడం, తిండిలో కాల్షియమే లేకపోతే అది పట్టించేదేముంది? పెద్దవాళ్ళకి రోజుకి 1000 మిల్లీగ్రాములు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. రెండు పూటలా పెరుగు, ఓ గ్లాసు పాలు, రాగి జావ, నువ్వులు. రాగుల్లో 100 గ్రాములకి దాదాపు 350 మిల్లీగ్రాములుంటుంది, మన గోదావరి, కృష్ణా బియ్యంలో ఆ ఊసే లేదు. కాల్షియం బిళ్ళ వాడుతుంటే థైరాయిడ్ బిళ్ళకీ దానికీ నాలుగు గంటలు ఎడం ఉంచండి, లేకపోతే థైరాయిడ్ బిళ్ళ పనిచేయదు.

డి తిండిలోంచి వచ్చేది తక్కువే. గుడ్డు పచ్చసొనలో కొంచెం, కవళ్ళ లాంటి నూనె చేపల్లో కాస్త ఎక్కువ. ప్లస్ గుర్తు, ఎఫ్ అక్షరం ఉన్న నీలిరంగు ముద్ర వేసిన పాలు, నూనె కొంటే వాటిలో ఎ, డి కలిపి ఉంటాయి. ఖర్చు పెరగదు, కొనేటప్పుడు ప్యాకెట్ తిప్పి చూడండి.

వికారం, విపరీతమైన దాహం, మలబద్ధకం మొదలయ్యాయి

దీన్ని దయచేసి శ్రద్ధగా చదవండి. 60,000 యూనిట్ల బిళ్ళ వారానికి ఒకటి. దాన్ని రోజుకొకటి మింగేవాళ్ళున్నారు. చీటీ మీద రాత అర్థం కాక, లేదా త్వరగా తగ్గుతుందనుకుని, లేదా ఇంట్లో ఒకరి చీటీతో ఇంకొకరు వాడి. ఇలా వారాల తరబడి సాగితే రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది. దాహం, మాటిమాటికీ మూత్రం, వాంతులు, మలబద్ధకం, మతిమరుపు, తికమక, చివరికి కిడ్నీలు దెబ్బతినడం. వెంటనే డి, కాల్షియం రెండూ ఆపి ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి కాల్షియం, క్రియాటినిన్ చూపించుకోండి. డి కొవ్వులో దాక్కుంటుంది కాబట్టి మందు ఆపిన తర్వాత కూడా వారాల పాటు, ఒక్కోసారి నెలల పాటు ఇబ్బంది ఉంటుంది.

కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు, టీబీ, సార్కాయిడోసిస్ (ఊపిరితిత్తుల్లాంటి చోట్ల చిన్న గడ్డలు కట్టే జబ్బు) ఉన్నవాళ్ళు, గుండెకి డిగాక్సిన్ వాడేవాళ్ళు డాక్టరుకి చెప్పకుండా ఒక్క సాచెట్ కూడా వేసుకోవద్దు. పక్కింటివాళ్ళకి పనిచేసిందని తీసుకెళ్ళేవాళ్ళని చూస్తే నాకు భయమేస్తుంది.

ఒక్క ఇంజెక్షన్‌తో అయిపోతుందా?

6 లక్షల యూనిట్ల ఇంజెక్షన్ అడిగేవాళ్ళున్నారు. పేగులు పీల్చుకోనివాళ్ళకి దాని అవసరం ఉండొచ్చు. మిగతావాళ్ళకి ఎందుకు? 2010లో ఆస్ట్రేలియాలో 70 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళకి ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు నోటి ద్వారా ఇచ్చి చూస్తే, పడిపోవడం, ఎముకలు విరగడం తగ్గకపోగా పెరిగాయి. ఒకేసారి కుమ్మరించడం మంచిది కాదు.

పసిపిల్లలకి

తల్లిపాలలో డి చాలా తక్కువ. అందుకే పుట్టినప్పటి నుంచి ఏడాది వరకు రోజుకి 400 యూనిట్ల చుక్కల మందు వేయమంటారు మన పిల్లల డాక్టర్లు. ఒక్కో కంపెనీ చుక్కల్లో గాఢత ఒక్కోలా ఉంటుంది, సీసా మారితే ఎన్ని చుక్కలో మళ్ళీ అడగండి. పెద్దవాళ్ళ సాచెట్‌ని భాగాలు చేసి పోయొద్దు.

పెరిగింది, ఆరు నెలలకి మళ్ళీ పడిపోయింది

కోర్సు అయిపోగానే పాత జీవితానికి వెళ్ళిపోతే మళ్ళీ పడిపోతుంది, అది మందు తప్పు కాదు. 8 వారాల తర్వాత చాలామందికి నెలకి ఒక 60,000 గానీ, రోజుకి 1000 నుంచి 2000 యూనిట్లు గానీ రాస్తారు. ఏదో ఒకటే, రెండూ కాదు. మల్టీవిటమిన్‌లో, కాల్షియం బిళ్ళలో కూడా డి కలిపే ఉంటుంది, అట్ట మీద చూసి అదీ లెక్కలో వేయండి. బయటికి వెళ్ళలేని పెద్దవాళ్ళకి ఈ చిన్న మోతాదు ఎంతకాలం కొనసాగించాలో డాక్టరుని అడిగి చీటీ మీదే రాయించుకోండి, రోజూనా, వారానికా, నెలకా అన్నది తెలుగులో రాయించుకుంటే ఇంకా మంచిది. మా షాపులోనైతే అడిగితే మేమే అట్ట మీద పెన్నుతో రాసిస్తాం.