తేలిక తెలుగులో రాసినా కంప్యూటర్ తప్పుగా చెబుతోందా? సమస్య - పరిష్కారం

మన ఊళ్ల వివరాలను చిన్న చిన్న వాక్యాల్లో రాసి, కంప్యూటర్ వెతకగలిగే డేటాగా మార్చేటప్పుడు తరచూ వచ్చే తిప్పలివి. జవాబు తేడాగా వస్తే ప్రోగ్రామ్ జోలికి పోకముందు వాక్యం చూడండి. చాలాసార్లు లోపం అక్కడే దొరుకుతుంది.

సమస్య: తుంగభద్ర నది గద్వాల జిల్లాలోనే ఉందంటోంది.
కారణం: "అలంపూర్ తుంగభద్ర ఒడ్డున ఉంది. అది జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది." ఇక్కడ 'అది' అంటే ఊరని మనకు తెలుసు. దగ్గర్లో ఉన్న పేరును పట్టుకునే సాధనం మాత్రం నదిని పట్టుకుంటుంది.
పరిష్కారం: 'అది' తీసేసి అలంపూర్ అనే రాయండి. చదవడానికి అందంగా లేకపోయినా ఫర్వాలేదు.

సమస్య: పోచంపల్లికి రెండు జిల్లాలు చూపిస్తోంది.
కారణం: 2016 అక్టోబర్ 11 వరకు నల్గొండ, అప్పటి నుంచి యాదాద్రి భువనగిరి. రెండూ నిజమే, తేదీలే లేవు.
పరిష్కారం: పాతది చెరిపేయకండి. 1951 నాటి భూదానం గురించి వెతికేవాళ్లకు నల్గొండే కావాలి. ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు అన్నది రెండింటికీ చేర్చండి. అందరూ కలిసి నింపే ఉచిత డేటా నిధి వికీడేటాలో ఇందుకు పీ580 (మొదలైన తేదీ), పీ582 (ముగిసిన తేదీ) అనే గుర్తులు ఉన్నాయి.

పాలమూరు, మహబూబ్‌నగర్ రెండు ఊళ్లుగా వస్తే ఒకే ఐడీ (గుర్తింపు సంఖ్య) కింద రెండు పేర్లూ పెట్టండి. పట్టణానికి, జిల్లాకు మాత్రం వేర్వేరు ఐడీలు ఉండాలి.

సమస్య: ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోర్లు అడిగితే ఒక్కటీ రావడం లేదు.
కారణం: "బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ" అని రాశారు. 'ఎక్కువ'ను కంప్యూటర్ దేనితో పోల్చాలి?
పరిష్కారం: లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో అంకెల్లో రాయండి. ఆ అంకెను నేరుగా బోరుకు తగిలిస్తే వచ్చే ఏడాది అంకెతో కలిసిపోతుంది. కంప్యూటర్ కోసం డేటాను చిన్న వాక్యాలుగా రాసే పద్ధతి ఆర్‌డీఎఫ్‌లో ఒక్కో వాక్యానికి మూడే గళ్లు: దేని గురించి, ఏ సంబంధం, ఏ విలువ. అందుకే ప్రతి పరీక్షకూ ఒక ఐడీ ఇచ్చి, బోరు, తేదీ, విలువ, కొలమానం దానికి జోడించండి.

సమస్య: పరీక్షే చేయని బోరు 'మంచి నీళ్ల' జాబితాలోకి వచ్చింది.
దీని మీద మాత్రం రాజీ పడొద్దు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు ఎముకలను ఏం చేశాయో మనం కళ్లారా చూశాం. 1.5 దాటినట్టు రికార్డు లేని బోర్లన్నీ తెమ్మని అడిగితే అసలు రికార్డే లేనివీ వస్తాయి. పరీక్ష తేదీ, విలువ రెండూ ఉన్నవాటిలోనే వెతకమనండి. మిగిలినవాటికి 'తెలియదు' అని వేరే జాబితా తీసి, ముందు ఆ శాంపిళ్లు ల్యాబ్‌కు పంపించండి.