ఆస్ట్రేలియా పౌరసత్వ దరఖాస్తు: పుట్టిన సర్టిఫికెట్ లేనివారికి జాగ్రత్తలు

నివాస కాలం పూర్తయి దరఖాస్తుకు సిద్ధమవుతున్నవారు ముందుగా వీటిని చూసుకోండి.

పాత వీసా దరఖాస్తుల్లో రాసిన పుట్టిన తేదీనీ, పేర్లనీ ఇప్పటి దరఖాస్తుతో అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే దాచకండి, కారణం రాసి ఇవ్వండి. 2007 నాటి పౌరసత్వ చట్టం 24(3) ప్రకారం గుర్తింపుపై నమ్మకం కుదరకపోతే ఆమోదించడానికే వీల్లేదు. మిగతా అర్హతలన్నీ ఉన్నా అంతే. బడిలో చేర్చిన రోజు అయ్యవారు వేసిన తేదీయే మనలో చాలామందికి పుట్టినరోజు. ఆ మాట చెప్పుకోవడంలో తప్పేమీ లేదు.

పదో తరగతి మార్కుల జాబితాలో "కె. వెంకట లక్ష్మి", పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, పెళ్లయ్యాక మరో ఇంటిపేరు. చూసే అధికారికి వీరు ముగ్గురు మనుషులు. పేరుకూ పేరుకూ లంకె చూపే పత్రం తప్పనిసరి.

గుర్తింపు ధ్రువీకరణ ఫారం 1195పై బంధువులతో సంతకం చేయించకండి, చెల్లదు. ఆస్ట్రేలియా పౌరులై, ఫారంలో ఇచ్చిన జాబితాలోని వృత్తిలో ఉండి, కనీసం ఏడాదిగా మిమ్మల్ని ఎరిగినవారే చేయాలి. పనివేళల్లో ఫోనుకు దొరకాలి. మీ ఫొటో వెనక వారి సంతకం మరవకండి.

ఊళ్లో పుట్టుక నమోదు కాలేదా? పంచాయతీ నుంచి గానీ పురపాలక సంఘం నుంచి గానీ "రికార్డు లేదు" అనే పత్రం రాయించుకోండి. ప్రయత్నించారనడానికి అదే రుజువు. దళారి తెచ్చే కొత్త సర్టిఫికెట్ జోలికి మాత్రం పోవద్దు.

తెలుగు పత్రాలకు అక్కడ నాటీ (NAATI, అనువాదకులను ధ్రువీకరించే ఆస్ట్రేలియా సంస్థ) గుర్తింపు ఉన్న అనువాదకులతోనే ఇంగ్లీషు ప్రతి చేయించండి.